చేతి గడియారం చూపే ఆక్సిజన్ శాతాన్ని ఎంతవరకు నమ్మాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ నాన్నగారికి 66 ఏళ్లు. బీపీకి మందు వాడుతున్నారు. గురక ఎక్కువ. సంక్రాంతికి మీరు కొనిచ్చిన స్మార్ట్‌వాచ్ పగటిపూట 95, 97 చూపుతోంది గాని, తెల్లవారుజామున 86, 88 అని హెచ్చరిస్తోంది. ఆయన మాత్రం మామూలుగానే ఉన్నారు. ఆసుపత్రికి తీసుకెళ్లాలా, లేక గడియారం తప్పు చూపుతోందని ఊరుకోవాలా అన్నది మీ సందేహం.

నేను ఖమ్మంలో 22 ఏళ్లుగా ఊపిరితిత్తుల వైద్యుడిగా పనిచేస్తున్నాను. గత నాలుగైదేళ్లుగా ఇదే ప్రశ్న వారానికి ఒకసారైనా వింటున్నాను. కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సూటిగా జవాబు: ఆయనకు ఆయాసం గాని, మగత గాని లేనప్పుడు ఆ అంకెలను చూసి ఈ రాత్రికి రాత్రే ఆసుపత్రికి వెళ్లనక్కర్లేదు. అలాగని విషయాన్ని వదిలేయవద్దు. మెడికల్ షాపులో వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటర్ ఒకటి కొనండి. రెండు మూడు రోజులు గడియారంతో పాటు దానితోనూ చూడండి. గడియారం ఏమి చూపినా చూపకపోయినా, గురక, బీపీ రెండూ ఉన్న మనిషికి నిద్ర పరీక్ష చేయించడం మంచిది. దాని గురించి కింద రాస్తాను.

గడియారం 86 చూపితే జనం భయపడి నా దగ్గరకు వస్తారు. వాళ్ల గురించి నాకు పెద్దగా బెంగ లేదు, పరీక్ష చేసి ధైర్యం చెప్పి పంపుతాను. గడియారం 97 చూపిందని ధీమాగా ఇంట్లో ఉండిపోయేవారి గురించే నా బెంగ అంతా. ఈ సమాధానంలో మీరు ఒక్క ముక్కే గుర్తుపెట్టుకోగలిగితే, అది ఇదే కావాలి.

ఎందుకో చెప్పడానికి ఒక పెద్దాయన సంగతి రాయాలి. బొగ్గుగనిలో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి పదవీ విరమణ చేసినవారు. కొడుకు అమెరికా నుంచి ఖరీదైన గడియారం పంపాడు. రోజూ రాత్రి ఫోనులో 'నాన్నా, ఆక్సిజన్ ఎంత ఉంది?' అని అడిగేవాడు. ఈయన కుర్చీలో కూర్చుని, చెయ్యి బల్ల మీద పెట్టి, 'తొంభై ఆరు' అని చెప్పేవారు. కొడుక్కి నిశ్చింత. ఆరు నెలలు అలా గడిచాయి. ఈలోగా ఆయన మేడ మెట్లు ఎక్కడం మానేశారు, ఆ తర్వాత కూరగాయల బజారుకు వెళ్లడం మానేశారు. అడిగితే వయసు మీద పడిందని అనేవారు. చివరికి ఆయన భార్య పట్టుబట్టి తీసుకొచ్చారు.

నా గదిలో కూర్చున్నప్పుడు వేలి ఆక్సీమీటర్ కూడా 95 చూపింది. అంటే గడియారం తప్పు చెప్పలేదు. ఆ పరికరం వేలికి ఉంచే వరండాలో నడవమన్నాను. నాలుగో నిమిషానికి 83కి పడిపోయింది. పెదవులు నల్లబడ్డాయి. కూర్చోబెట్టాక రెండు నిమిషాల్లో మళ్లీ 94. స్కానింగ్‌లో ఊపిరితిత్తులు గట్టిపడి మచ్చలు కట్టి ఉన్నాయి. ఇలాంటి జబ్బులో మనిషి కదలకుండా ఉన్నంతసేపు రక్తానికి సరిపడా ఆక్సిజన్ అందుతుంది. నడిస్తే చాలదు. గడియారమేమో మనిషి కదలకుండా ఉంటేనే కొలవగలదు. నడుస్తుంటే కొలత విఫలమైందని చూపుతుంది. ఆగి, కూర్చుని, మళ్లీ మీట నొక్కేసరికి శాతం కోలుకుంటుంది. అంటే ఏ క్షణంలో కొలవాలో సరిగ్గా ఆ క్షణంలోనే అది కొలవలేదు. ఆ కొడుకు తండ్రిని అశ్రద్ధ చేయలేదు. రోజూ అడిగాడు, కూర్చున్నప్పటి అంకెనే అడిగాడు. 'మెట్లు ఎక్కుతున్నావా నాన్నా?' అని అడిగి ఉంటే ఆరు నెలల ముందే తెలిసేది.

ఈ పరికరం ఎలా పనిచేస్తుందో కొంచెం తెలిస్తే దాన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ నమ్మకూడదో మీకే తెలుస్తుంది. ఆక్సిజన్ ఎక్కించుకున్న హీమోగ్లోబిన్ మంచి ఎరుపు రంగులో ఉంటుంది, ఆక్సిజన్ వదిలేసినది ముదురు రంగుకు తిరుగుతుంది. సుమారు 660 నానోమీటర్ల ఎర్ర కాంతిని, 940 నానోమీటర్ల పరారుణ కాంతిని చర్మంలోకి పంపితే, ఈ రెండు రకాల హీమోగ్లోబిన్ ఆ రెండు కాంతులనూ వేర్వేరు పాళ్లలో పీల్చుకుంటాయి. ఆ పాళ్ల నిష్పత్తి నుంచి, రక్తంలోని హీమోగ్లోబిన్‌లో ఎంత శాతం ఆక్సిజన్ మోస్తోందో లెక్కకడతారు. మరి చర్మం, ఎముక, కండ కూడా కాంతిని పీల్చుకుంటాయి కదా, వాటిని ఎలా తీసేస్తారు? దీనికి దారి చూపినవాడు జపాన్‌కు చెందిన ఇంజనీరు తకువో అయోయాగి. ఆయన నిజానికి చెవి గుండా కాంతిని పంపి, గుండె నిమిషానికి ఎంత రక్తం పంపుతుందో కొలిచే ప్రయత్నంలో ఉన్నాడు. నాడి కొట్టుకోవడం వల్ల కొలతలో వచ్చే అలలు ఆయనకు అడ్డుపడుతూ ఉండేవి. ఆ అలలు ధమనిలోని రక్తం వల్ల మాత్రమే పుడతాయి గనుక, వాటినే లెక్కలోకి తీసుకుంటే ధమని రక్తంలోని ఆక్సిజన్ తెలుస్తుందని గ్రహించాడు. 1974లో ఆ సంగతి ప్రకటించాడు. 2020 ఏప్రిల్‌లో, ప్రపంచమంతా ఆక్సీమీటర్ల కోసం వెతుక్కుంటున్న రోజుల్లో, ఆయన కన్నుమూశాడు. ఆ తర్వాతి ఏడాది వార్డులో ఎన్ని వేళ్లకు ఆ పరికరం పెట్టానో లెక్కలేదు. ఎంతోమంది ప్రాణాలు ఆయనకు రుణపడి ఉన్నాయి.

అంటే అంతా నాడి అలల మీదే ఆధారపడి ఉంది. వేలి కొనలో సన్నని రక్తనాళాలు దట్టంగా ఉంటాయి. కాంతి ఒకవైపు నుంచి దూరి రెండోవైపు బయటికి వస్తుంది. అల బలంగా ఉంటుంది. మణికట్టు వెనుక వైపు అలా కాదు. అక్కడ ఎముకలు, నరాలు, వెంట్రుకలు. కాంతి అవతలికి వెళ్లలేదు గనుక, తిరిగి వెనక్కి వచ్చిన కొద్దిపాటి కాంతినే గడియారం ఏరుకోవాలి. అల బలహీనం. చలికి చేతులు చల్లబడినా, పట్టీ వదులైనా, చెయ్యి కాస్త వణికినా ఆ బలహీనమైన అల కూడా చెదిరిపోతుంది. ఇక మిగిలేది గడియారం అంచనా మాత్రమే.

మీ నాన్నగారి తెల్లవారుజాము అంకెలకు ఇది ఒక కారణం కావచ్చు. పోయిన చలికాలంలో 34 ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి ఒకరు నెల రోజుల అంకెలు ఫోనులో భద్రపరచుకుని వచ్చారు. రాత్రుళ్లు 84, 87. ఆ భయంతో అర్ధరాత్రి లేచి మళ్లీ మళ్లీ చూసుకుంటూ నిద్రకే దూరమయ్యారు. ఒక రాత్రి ఆయనకు ఒక చేతి వేలికి ఆసుపత్రి ఆక్సీమీటర్, రెండో చేతికి ఆయన గడియారం పెట్టించి పడుకోబెట్టాం. తెల్లవార్లూ వేలి పరికరం 94 కిందికి దిగలేదు. గడియారం మాత్రం మూడుసార్లు 87 చూపింది. రాత్రి విధుల్లో ఉన్న నర్సమ్మ రాసిపెట్టిన వివరాల ప్రకారం అందులో రెండుసార్లు ఆయన ఆ చేతి మీదే తల పెట్టుకుని పడుకున్నారు. చెయ్యి ఒత్తుకుపోతే నాడి అల తగ్గుతుంది, అంకె పడిపోతుంది. ఆయనకు నేను రాసిచ్చిన మందు ఒక్కటే: రాత్రిపూట గడియారం తీసి పడుకోండి.

అయితే మీ నాన్నగారి విషయంలో ఇంత తేలిగ్గా కొట్టిపారేయలేను. గురక, బీపీ, అరవై దాటిన వయసు, ఈ మూడూ కలిసి ఉన్నాయి. నిద్రలో గొంతు మూసుకుపోయి శ్వాస ఆగి ఆగి వచ్చే జబ్బు ఉంటే ఆక్సిజన్ నిజంగానే పడిపోతూ లేస్తూ ఉంటుంది. చాలా గడియారాలు రాత్రంతా ఎడతెగకుండా కొలవవు, మధ్యమధ్యలో మాత్రమే కొలుస్తాయి. కాబట్టి ఆ పడిలేచే తీరు వాటికి పూర్తిగా దొరకదు. దీనికి గడియారం కన్నా మంచి సాక్షి మీ అమ్మగారు. ఆమెను అడగండి: గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కొన్ని క్షణాల నిశ్శబ్దం తర్వాత ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టు మళ్లీ మొదలవుతుందా? పగలు పేపరు చదువుతూ, టీవీ చూస్తూ కునికిపాట్లు పడుతున్నారా? ఉదయం లేవగానే తలనొప్పి ఉంటోందా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా నిద్ర పరీక్షను ఇక వాయిదా వేయకండి. ఈ మధ్య ఆ పరికరాలను ఇంటికే ఇచ్చి పంపుతున్నారు, ఆసుపత్రిలో పడుకోవలసిన పని చాలామందికి ఉండదు. కొన్ని కంపెనీల గడియారాలు 2024 నుంచి నిద్రలో శ్వాస ఆగడాన్ని పసిగట్టి హెచ్చరిస్తున్నాయి. యాపిల్ గడియారం దానికి వాడేది ఆక్సిజన్ శాతాన్ని కాదు, మణికట్టు సన్నని కదలికలను. ఆ హెచ్చరిక వస్తే పరీక్షకు వెళ్లండి. రానంత మాత్రాన జబ్బు లేదనుకోవద్దు.

అసలు ఎంత తేడా రావచ్చు? ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. ఆసుపత్రి స్థాయి పరికరాలకే సుమారు 3 శాతం తేడాను అనుమతిస్తారు. ఆ 3 కూడా గట్టి హద్దు కాదు. కొలతల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆ లోపల ఉంటే చాలు. అంటే తెర మీద 94 కనిపిస్తే అసలు విలువ 91 కావచ్చు, 97 కావచ్చు, అప్పుడప్పుడు అంతకన్నా దూరంగానూ ఉండవచ్చు. గడియారాల్లో చాలావాటికి ఆ పరీక్ష కూడా ఉండదు. వైద్య అవసరాలకు కాదని తయారీదారులే చిన్న అక్షరాల్లో రాస్తారు. ఆ వాక్యాన్ని దయచేసి చదవండి.

చర్మం రంగు సంగతి మనవాళ్లు మరీ ముఖ్యంగా తెలుసుకోవాలి. ఈ పరికరాలను ఆరోగ్యవంతులైన వాలంటీర్లకు ఆక్సిజన్ తక్కువున్న గాలి పీల్పించి, వాళ్ల ధమని రక్తంతో పోల్చి సరిచూస్తారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కనీసం పదిమందిపై పరీక్షించాలనీ, వారిలో కనీసం ఇద్దరు లేదా 15 శాతం ముదురు చర్మం ఉన్నవారై ఉండాలనీ ఉంది. అది చాలదనిపించే ఫలితాలు 2020 డిసెంబరులో అక్కడి ఒక అధ్యయనంలో వచ్చాయి. ఆక్సీమీటర్ 92 నుంచి 96 వరకు చూపినప్పుడు, ధమని రక్తంలో అసలు శాతం 88 కన్నా తక్కువగా ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతం అయితే నల్లవారిలో 11.7 శాతం. ముదురు చర్మంలో పరికరం ఉన్నదానికన్నా ఎక్కువ చూపే ప్రమాదం ఉందన్నమాట. మన చర్మఛాయలు తెలుపు నుంచి నలుపు వరకు అన్ని రకాలూ ఉన్నాయి. అందుకే నల్లని చర్మం ఉన్న రోగికి ఆయాసం కనిపిస్తూ పరికరం 93 చూపితే, నేను ఆ అంకె దగ్గర ఆగను, మణికట్టు ధమని నుంచి రక్తం తీసి, అందులోని వాయువులను నేరుగా కొలిచే ఏబీజీ పరీక్షకు పంపుతాను. మణికట్టు మీద పచ్చబొట్టు ఉన్నా గడియారం కాంతికి అడ్డుపడుతుంది.

రెండు మూడు శాతాలే కదా అనుకోవద్దు. ఆక్సిజన్ శాతం 97 నుంచి 90కి దిగితే చూడటానికి ఏడు అంకెల తేడా. ఈలోగా ధమనిలో ఆక్సిజన్ పీడనం పాదరస మిల్లీమీటర్లలో 95 చుట్టుపక్కల నుంచి దాదాపు 60కి పడిపోయి ఉంటుంది. అంటే ఆ పీడనంలో మూడో వంతుకు పైగా పోయాక గాని అంకె మనల్ని కంగారు పెట్టదు. 90 దిగిన తర్వాత మాత్రం ఏటవాలు మీద జారినట్టు జారుతుంది.

అంకె బాగున్నా మనిషి బాగుండని పరిస్థితులు కొన్ని ఉన్నాయి. హీమోగ్లోబిన్ 6 ఉన్న తల్లికి కూడా ఏ పరికరమైనా 99 చూపుతుంది. ఉన్న కొద్దిపాటి హీమోగ్లోబిన్ నిండుగానే ఉంటుంది గనుక. అసలు హీమోగ్లోబినే చాలినంత లేదని అది చెప్పలేదు. చలికాలంలో తలుపులు బిగించిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. ఆ రక్తమూ ఎర్రగానే ఉంటుంది, గడియారమూ వేలి పరికరమూ రెండూ దాన్ని ఆక్సిజన్ అనుకుంటాయి. తలనొప్పి, వాంతి, మత్తు వస్తే అంకె చూడకుండా మనుషుల్ని గది బయటికి తీయండి.

మరో రకం మోసం కూడా ఉంది, అది పరికరం పేరుతో జరిగేది. 2021లో రెండో విడత కోవిడ్ సమయంలో ఒక కుటుంబం గడియారం 98 చూపుతోందని జ్వరంతో ఉన్న పెద్దకొడుకును రెండు రోజులు ఇంట్లోనే ఉంచింది. మా దగ్గరికి వచ్చేసరికి 79. అదృష్టవశాత్తు బతికాడు, కానీ 19 రోజులు ఆక్సిజన్ మీద ఉండాల్సి వచ్చింది. ఆ గడియారం తిప్పి చూస్తే వెనుక పచ్చ దీపం ఒక్కటే వెలుగుతోంది. పచ్చ కాంతి నాడి లెక్కపెట్టడానికి పనికొస్తుంది, ఆక్సిజన్ లెక్కకు ఎర్ర కాంతి, పరారుణ కాంతి రెండూ కావాలి. మీ గడియారంలో కొలత మొదలుపెట్టి వెనక్కి తిప్పి చూడండి. ఎర్ర వెలుగు కనిపించకపోతే ఆ అంకెను మరిచిపోండి. అలాగే నాడిని చేత్తో ఒక నిమిషం లెక్కపెట్టి, గడియారం చూపే నాడితో పోల్చండి. నాడే సరిపోకపోతే, ఆ నాడి మీద ఆధారపడిన ఆక్సిజన్ అంకెకు విలువ లేదు. వేలి పరికరానికి కూడా ఇదే నియమం.

సరిగ్గా కొలవాలంటే: ఐదు నిమిషాలు కూర్చోవాలి, చేతులు రుద్దుకుని వేడెక్కించాలి, పట్టీని మణికట్టు ఎముకకు ఒక వేలెడు పైకి జరిపి బిగించాలి, చెయ్యి బల్ల మీద ఆనించి మాట్లాడకుండా ఉండాలి. వేలి పరికరమైతే గోళ్లరంగు తీసేసి, అంకె నిలకడగా ఆగేదాకా ముప్పై సెకన్ల నుంచి నిమిషం వరకు చూడాలి. ఆషాఢంలో ఆకు రుబ్బి పెట్టుకున్న గోరింటాకు ఎరుపుతో సాధారణంగా ఇబ్బంది రాదు. నల్లగా పండే కోన్లతో రావచ్చు, అప్పుడు పండని వేలికి పెట్టి చూడండి.

అమెరికాలో కొన్న యాపిల్ గడియారంలో ఈ సదుపాయమే కనిపించడం లేదని అక్కడున్న మనవాళ్లు కొందరు అడుగుతుంటారు. పేటెంట్ వివాదం వల్ల 2024 జనవరి నుంచి అక్కడ అమ్మిన కొన్ని గడియారాల్లో దాన్ని ఆపేశారు. 2025 ఆగస్టులో లెక్క ఫోనులో జరిగేలా మార్చి తిరిగి ఇచ్చారు. మీ గడియారం చెడిపోయిందని కంగారుపడకండి.

కేదార్‌నాథ్, లేహ్ వెళ్లేవారికి రెండు మాటలు. రెండూ మూడున్నర వేల మీటర్ల ఎత్తులో ఉన్నాయి. అక్కడ ఆరోగ్యవంతులకు కూడా మొదటి రోజు 90కి అటూ ఇటూ ఉంటుంది. 88 చూసి బెదరకండి, 93 చూసి ధీమా పడకండి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోయినా, తలనొప్పితో పాటు తూలుతున్నా వెంటనే కిందికి దిగాలి.

ఇక మీ ఇంటి సంగతికి వస్తాను. వేలి పరికరంతో, కూర్చున్నప్పుడు 95 ఆపైన ఉండి, నడిచినా పడిపోకుండా ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 92 నుంచి 94 మధ్య మళ్లీ మళ్లీ వస్తే ఒకటి రెండు రోజుల్లో వైద్యుడికి చూపించండి, జ్వరం గాని దగ్గు గాని ఉంటే అదే రోజు చూపించండి. 92 కిందికి దిగితే అదే రోజు తీసుకెళ్లండి. 90 కన్నా తక్కువ నిలకడగా చూపితే ఆలస్యం చేయకండి. పొగ తాగి, ఏళ్ల తరబడి దమ్ముతో బాధపడుతున్నవారికి ఈ హద్దులు వర్తించవు. అలాంటివారిలో చాలామందికి మేము ఆక్సిజన్ పెట్టినప్పుడు 88 నుంచి 92 మధ్యలోనే ఉంచుతాం. అంకె పెంచాలని ఇంట్లో సిలిండర్ మీట తిప్పితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పేరుకుని మత్తులోకి జారిపోయే ప్రమాదం ఉంది.

ఇంకొకటి, ఖర్చు లేనిది. మీ నాన్నగారు గమనించనప్పుడు ఛాతీ కదలికలు చూస్తూ నిమిషానికి ఎన్నిసార్లు శ్వాస తీస్తున్నారో లెక్కపెట్టండి. 12 నుంచి 20 మామూలు. 25 దాటితే ఆక్సిజన్ శాతం ఎంత చక్కగా ఉన్నా ఆసుపత్రికి బయలుదేరండి. శరీరం అంకెను నిలబెట్టుకోవడానికి శ్వాస వేగం పెంచుతుంది, కాబట్టి తరచూ వేగమే ముందు మారుతుంది. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, నాలుక నీలంగా మారడం, పొంతన లేని మాటలు, ఛాతీనొప్పి, వీటికీ అదే జవాబు.

రేపు ఉదయం ఆయన తీరిగ్గా ఉన్నప్పుడు, ఛాతీనొప్పి లేకుండా, కూర్చున్నప్పటి శాతం 94 పైన ఉంటే, వేలి పరికరం పెట్టి ఇంట్లోనే ఆరు నిమిషాలు మామూలు వేగంతో నడిపించండి. మీరు పక్కనే ఉండండి. నడక మధ్యలోనే అంకె చూడాలి, కూర్చున్నాక కాదు. 4 అంకెలు లేదా అంతకన్నా ఎక్కువ తగ్గినా, 90 కిందికి దిగినా, అక్కడే ఆపి కూర్చోబెట్టండి. ఆ అంకెలు, సమయం ఒక కాగితం మీద రాసి, మీ అమ్మగారు గురక గురించి చెప్పిన వివరాలతో పాటు దగ్గరలోని ఊపిరితిత్తుల వైద్యుడికి చూపించండి. గడియారంలోని నెల రోజుల అంకెల కన్నా ఆ కాగితమే వైద్యుడికి ఎక్కువ పనికొస్తుంది. వీలైతే అమ్మగారిని కూడా వెంట తీసుకెళ్లండి.